ఇంగ్లీషు క్రియలూ, మన పిల్లల తప్పులూ

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాకు ముందు మాట్లాడిన పెద్దలు స్కాలర్‌షిప్పుల దరఖాస్తుల గురించి, పెళ్ళిళ్ళలో దుబారా గురించి చాలా విలువైన సంగతులు సెలవిచ్చారు. మాకు మాత్రం కార్యదర్శిగారు "పిల్లల ఇంగ్లీషు గురించి ఏదైనా చెప్పండి" అన్నారు. ఇంగ్లీషు అంటే సముద్రం. అందులోంచి మేము ఒక్క పిల్లకాలువ పట్టుకుని వచ్చాం. అది క్రియాపదాల భూతకాలం. గో, వెంట్, గాన్ అని మనమంతా చిన్నప్పుడు ఊగుతూ వల్లెవేసిన జాబితా. వెనక దేగ్‌ల దగ్గరనుంచి బిర్యానీ వాసన వస్తున్న వేళ వ్యాకరణం చెప్పటం అన్యాయమే. అయినా కొంచెం ఓర్చుకోవాలని మనవి.

ముందే ఒక మాట. మేము ఇంగ్లీషు పండితులం కాము. ఉర్దూ మీడియం బడిలో చదివి, ఉర్దూ మీడియం బడిలోనే పిల్లలకు చెప్పుకుంటున్నవాళ్ళం. మా బడి పిల్లవాడికి ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, మసీదులో అరబ్బీ ఖాయిదా, పరీక్షలో ఇంగ్లీషు. పదేళ్ళ వయసుకు నాలుగు లిపులు మోస్తాడు. రెండు కుడినుంచి ఎడమకు, రెండు ఎడమనుంచి కుడికి. అటువంటి పిల్లవాణ్ణి "వీడికి భాష రాదు" అనటం ఎంతవరకు న్యాయమో మీరే ఆలోచించండి.

అయినా అంటున్నాం. తండ్రులు మా దగ్గరికి వచ్చి, "ఉస్తాద్, మావాడికి లెక్కలొస్తాయి, సైన్సొస్తుంది, ఇంగ్లీషు దగ్గరే ఆగిపోతున్నాడు, ఇక చాలు, వర్క్‌షాపులో పెడతాం" అంటారు. ఆడపిల్ల ఐతే అంత మాట కూడా చెప్పరు. మర్నాటినుంచి ఆ పిల్ల రాదు, అంతే. పదో తరగతిలో ఒక్క సబ్జెక్టు పోయి అక్కడే నిలిచిపోయిన పిల్లలు మన గల్లీల్లో ఎందరున్నారో ఈ హాల్లో ఉన్న ప్రతివాళ్ళకీ తెలుసు. మేము లెక్క చెప్పనక్కర లేదు.

ఇప్పుడు మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. పదిహేనేళ్ళ కిందటి మాట. ఎనిమిదో తరగతి. పిల్లల్ని ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాయమన్నాం. ఒక కుర్రవాడు, పేరెందుకు, మా నాన్న నాకు సైకిలు రిపేరు నేర్పాడు అని రాయబోయి, టాట్ అనవలసిన చోట "టీచ్డ్" అని రాశాడు. మేము ఆ పుస్తకం చేతపట్టుకుని క్లాసంతా వినేట్టు చదివాం. పిల్లలు ఘొల్లుమన్నారు. మేమూ నవ్వాం. వాడు నిలబడి, వెటకారం ఏమీ లేకుండా ఒక ప్రశ్న అడిగాడు. "సర్, రీచ్ కు రీచ్డ్ అవుతుంది. ప్రీచ్ కు ప్రీచ్డ్ అని మీరే చెప్పారు. టీచ్ కు టీచ్డ్ ఎందుకు కాదు?"

మాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పటానికి నోరు రాలేదు. "ఇంగ్లీషు అంతే. కూర్చో" అన్నాం. వాడు కూర్చున్నాడు. అర్ధ సంవత్సర పరీక్షల తరువాత బడికి రావటం మానేశాడు. ఇంట్లో ఇబ్బందులున్నాయి, అన్నకు జబ్బు చేసింది. మా నవ్వు వల్లనే మానేశాడని మేము అనం, అలా అనుకోవటం మన్నల్ని మనం గొప్ప చేసుకోవటమే అవుతుంది. కాని వాడొక ప్రశ్న అడిగాడు, ఉస్తాదు దగ్గర జవాబు లేకపోయింది. ఇది మాత్రం నిజం. 2009 నాటి ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ మా చేతిలో బెత్తాన్ని ఆపింది. ఆ సెక్షన్ మానసిక వేధింపు కూడా కూడదనే అంటుంది. ఐతే క్లాసులో నవ్వును వేధింపు అని మేము ఏనాడూ లెక్క కట్టలేదు.

ఆ ప్రశ్నకు జవాబు తరువాత పుస్తకాలు తిరగేస్తే దొరికింది. అది వినండి, చాలా చిత్రంగా ఉంటుంది.

టీచ్, రీచ్ రెండూ ఇంగ్లీషువాడి ఇంటి మాటలే. వెయ్యేళ్ళ కిందటినుంచి ఉన్నవి. టీచ్ కు టాట్ అన్నట్టే రీచ్ కు కూడా ఒకప్పుడు "రాట్" అనే రూపం ఉండేది. షేక్‌స్పియర్ నాటికి కూడా అది బతికే ఉంది. తరువాత జనం మరచిపోయి రీచ్డ్ అనటం మొదలెట్టారు. అనగా మా కుర్రవాడు టీచ్ కు ఏ తప్పు చేశాడో, సరిగ్గా అదే తప్పు రీచ్ విషయంలో ఇంగ్లండు దేశమంతా కలిసి చేసింది. అందరూ చేశారు గనక అది వ్యాకరణమైంది. మా కుర్రవాడు ఒక్కడే చేశాడు గనక వాడికి సున్న పడింది. ఇక ప్రీచ్ సంగతి వేరు. అది ఫ్రెంచి నుంచి వచ్చిన అతిథి. వచ్చినరోజు నుంచే ప్రీచ్డ్. ఒకేలా వినిపించే మూడు మాటలు, మూడు చరిత్రలు.

ఈ అతిథుల సంగతి మనకు కొత్త కాదు. 1066 లో నార్మన్లు ఇంగ్లండును జయించారు. ఆ తరువాత చాలాకాలం రాజుగారి కొలువులో, కోర్టుల్లో ఫ్రెంచి నడిచింది. వేలకొద్దీ ఫ్రెంచి మాటలు ఇంగ్లీషులో చేరాయి. చేరిన క్రియలు దాదాపు అన్నీ చివర ఈ, డీ అక్షరాలు తగిలించుకుని బుద్ధిగా కూర్చున్నాయి. మన ఉర్దూలో ఫార్సీ నుంచి ఖరీద్‌నా వచ్చింది, అరబ్బీ మాట మీద బదల్‌నా తయారైంది. వాటి భూతకాలం ఏమిటి? ఖరీదా, బద్‌లా. పూర్తిగా బాఖాయిదా. మన ఉర్దూ మాటలు తెలుగులోకి వెళ్ళి ఏమయ్యాయి? చలాయించు, దబాయించు, బనాయించు. అక్కడా ఒకే అచ్చు. కొత్తగా వచ్చినవాడు ఏ ఊరి ఖాయిదాకైనా లొంగి ఉంటాడు. వంకరగా ఉండే హక్కు పాతకాపులకే! ఐతే దీనికీ మినహాయింపులున్నాయి. క్యాచ్ అనే మాట ఫ్రెంచి నుంచే వచ్చి, ఇక్కడి మాటల సావాసం పట్టి కాట్ అయి కూర్చుంది. ఎక్కడైనా ఒకడుంటాడు అలాంటివాడు.

మరి ఆ పాతకాపుల్లో కొన్ని మాటలు ఎందుకు వంకరగానే మిగిలాయి, కొన్ని ఎందుకు దారికొచ్చాయి? హార్వర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొందరు లెక్క కట్టి 2007 లో నేచర్ అనే పత్రికలో ప్రకటించారు. పాత ఇంగ్లీషులో క్రమం తప్పిన క్రియలు 177 తీసుకున్నారు. మధ్యకాలపు ఇంగ్లీషుకు వచ్చేసరికి వాటిలో 145 మిగిలాయి. ఇవాళ 98. తక్కినవన్నీ మామూలు దారికి వచ్చేశాయి. ఏవి వచ్చాయి? నలుగురి నోట తక్కువగా నలిగినవి. వాళ్ళ లెక్క ప్రకారం ఒక మాటను మరో మాటకంటే 100 రెట్లు తక్కువగా వాడితే అది 10 రెట్లు వేగంగా దారికొస్తుంది. రోజూ వాడే మాట మార్పుకు లొంగదు. ఎందుకు లొంగదంటే, దాన్ని మరచిపోయే వ్యవధి ఎవరికీ ఉండదు. చంటిపిల్లవాడు కూడా రోజుకు ఇరవైసార్లు వింటాడు.

అందుకే చూడండి, ఇంగ్లీషులో అందరికంటే ఎక్కువ పనిచేసే క్రియలు: బీ, హావ్, డూ, సే, గో, గెట్, మేక్, నో, థింక్, టేక్. పదీ పది వంకరవే. ఒక్కటి కూడా తిన్ననిది లేదు. మన పిల్లవాడు పుస్తకం తెరవగానే మొట్టమొదట ఎదురయ్యేవి ఇవే. ఇంటి గుమ్మంలోనే మెట్లు ఎగుడుదిగుడుగా ఉన్నాయన్నమాట. లోపల గదులన్నీ చదునే. మెట్ల దగ్గర పడి వెనక్కి పోయినవాడికి ఆ సంగతి తెలిసేదెట్లా?

ఈ వంకర మాకు ఇంట్లో లేదా అని మా తరగతిలో ఒక రోజు అడిగాం. లేదన్నారు పిల్లలు. "జానా" కు భూతకాలం ఏమిట్రా అన్నాం. "గయా" అన్నారు. జానాలో గయా ఎక్కడుందిరా, గ అక్షరం ఎక్కడనుంచి వచ్చిందిరా అంటే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సరిగ్గా గో, వెంట్ కథే ఇది. గో కు పాతకాలంలో వేరే భూతకాలం ఉండేది, అది పోయింది. వెంట్ అనేది "వెండ్" అనే మరో మాటకు భూతకాలం. గో ఇంట్లోకి వచ్చి ఉండిపోయింది. జానా, గయా కూడా రెండు వేరువేరు ధాతువులనుంచి వచ్చి ఒకే కాపురం చేస్తున్నాయి. కర్‌నాకు కియా, దేనాకు దియా, లేనాకు లియా, హోనాకు హువా. మన ఇళ్ళలో మూడేళ్ళ బిడ్డ "మైఁ కరా" అంటే తల్లి ఏం చేస్తుంది? ముద్దు పెట్టుకుని "కియా బోల్ బేటా" అంటుంది. నవ్వుతుంది గాని ఆ నవ్వులో బిడ్డ చిన్నబోడు. అదే బిడ్డ పన్నెండేళ్ళకు టీచ్డ్ అంటే మనం ఎర్ర సిరా తీస్తాం.

తెలుగువారు మాత్రం తక్కువ తిన్నారా? "రా" అని పిలుస్తారు. వాడేమో "వచ్చాడు". రా అనే మాటకూ వచ్చాడుకూ చుట్టరికం ఏమైనా కనిపిస్తుందా? "తే" అంటే "తెచ్చాడు". "ఉన్నాడు" కు ఎదురు "లేడు". గొయ్యి ఒకటైతే గొయ్యి, రెండైతే గోతులు. నుయ్యి, నూతులు. చెయ్యి, చేతులు. ఫుట్ కు ఫీట్ అంటే ఆశ్చర్యపోయే పిల్లవాడు గొయ్యికి గోతులు అని ఏ మాస్టరూ చెప్పకుండానే అంటున్నాడు.

అరబ్బీ వాహిద్, జమా సంగతి మదరసా పిల్లలకు మేము చెప్పనక్కర లేదు. కితాబ్, కుతుబ్. మస్జిద్, మసాజిద్. వక్ఫ్, ఔకాఫ్. మాట చివర ఏమీ తగిలించరు, లోపలి అచ్చులు మార్చేస్తారు. కాఫ్, తే, బే అనే మూడు హల్లులు పట్టుకుంటే చాలు, కితాబ్, కాతిబ్, మక్తూబ్, మక్తబ్ అన్నీ అందులోంచే. ఇప్పుడు సింగ్, సాంగ్, సంగ్ చూడండి. ముందు స, వెనక ంగ్ అట్లాగే ఉన్నాయి, మధ్య అచ్చు మాత్రం మారింది. డ్రింక్, డ్రాంక్, డ్రంక్ అంతే. స్విమ్, స్వామ్, స్వమ్ అంతే. అరబ్బీకీ ఇంగ్లీషుకూ చుట్టరికముందని మేము అనటం లేదు, అవి వేరు కుటుంబాలు. కాని లోపలి అచ్చు మార్చి అర్థం మార్చటమనే పద్ధతి మన పిల్లవాడి చెవికి పరిచయమైనదే. పాత ఇంగ్లీషులో ఇటువంటి క్రియలను పండితులు 7 తరగతులుగా విడదీశారు. అనగా ఒకప్పుడు వాటికీ ఖాయిదా ఉండేది. ఇవాళ మనకు బేఖాయిదాగా కనిపించేవి చాలావరకు పాత ఖాయిదా తాలూకు శిథిలాలు.

మరో చిత్రం. ఆలిమ్ కు జమా ఉలమా. అది అప్పటికే బహువచనం. మనం తెలుగులో "ఉలమాలు" అంటాం. బహువచనం మీద బహువచనం! చదువుకున్నవాళ్ళు కూడా అంటారు, ఇవాళ ఈ వేదిక మీద కూడా విన్నాం. తప్పు పట్టటం లేదు. ఇంగ్లీషువాడి "చిల్డ్రన్" కూడా అచ్చంగా ఇదే. చైల్డ్ కు పాత బహువచనం ఒకటి ఉండేది, చాలలేదేమో, దాని మీద ఇంకొకటి తగిలించారు.

ఇంతవరకు సరదా. ఇప్పుడు పరీక్షలో మార్కులు పోయే చోటుకు వద్దాం.

మా బడి పిల్లలు అన్నిటికంటే ఎక్కువగా చేసే తప్పు "ఐ డిడ్ నాట్ వెంట్". వందసార్లు కొట్టేసినా వందొకటోసారి రాస్తారు. కారణం ఉర్దూ. మనం "మైఁ గయా" అంటాం, "మైఁ నహీఁ గయా" అంటాం. గయా గయాగానే ఉంటుంది, మధ్యలో నహీఁ వచ్చి కూర్చుంటుంది. పిల్లవాడు అదే పెట్టాడు. డిడ్ నాట్ అంటే నహీఁ, వెంట్ అంటే గయా. వాడి తర్కం తప్పు కాదు. చాలాకాలం మేము "డిడ్ తరువాత మొదటి రూపం రావాలి" అని సూత్రం చెప్పి బట్టీ పట్టించాం. నిలవలేదు. ఒకరోజు పాఠం మధ్యలో తెలుగు గుర్తొచ్చింది. "వెళ్ళాడు" అంటాం. వెళ్ళలేదని చెప్పాలంటే "వెళ్ళాడు లేదు" అంటామా? అనం. "వెళ్ళలేదు" అంటాం. తిన్నాడు, తినలేదు. చూశాడు, చూడలేదు. భూతకాలం గుర్తంతా అసలు క్రియ మీదినుంచి దిగిపోయి "లేదు" నెత్తికెక్కింది. అసలు క్రియ బోడిగా మిగిలింది. డిడ్ నాట్ గో అంటే ఇంతే కదా! బరువంతా డిడ్ నాట్ మోస్తున్నది, గో ఖాళీ చేతులతో నడుస్తున్నది. ఈ మాట చెప్పిన రోజు వెనక బెంచీలో ఒకమ్మాయి "సర్, ఐతే ఇంగ్లీషు తెలుగు లాగానే ఉందే" అంది. ఆ వారం ఆ తప్పు సగానికి పైగా తగ్గింది. ప్రశ్న దగ్గర మాత్రం తెలుగు మనకు తోడు రాదు, "వెళ్ళావా" లో బరువు క్రియ మీదనే ఉంటుంది. అక్కడ అభ్యాసమే దిక్కు.

ఉర్దూ అడ్డొస్తుందని అనుకోకండి. అది తోడొచ్చే చోట్లూ ఉన్నాయి. "యు వర్ ఏమిటి సర్, ఒక్కడే కదా, యు వాజ్ అనాలి గదా" అని పిల్లలు అడుగుతారు. ఇంగ్లీషులో ఒకప్పుడు నువ్వు, మీరు వేరువేరుగా ఉండేవి. దౌ అంటే తూ, యు అంటే బహువచనం. మర్యాద పెరిగి పెరిగి అందరూ అందరినీ మీరు అనటం మొదలెట్టారు, తూ మూలకు పోయింది. "ఆప్ థే" అంటాం గాని "ఆప్ థా" అంటామా? ఒక్కరే ఉన్నా థే. అదే యు వర్. లఖ్నవీ తహజీబ్ ఇంగ్లీషువాడికి కూడా ఉందని చెబితే పిల్లలు ఎంత సంతోషిస్తారో!

అట్లాగే లై, లే అనే రెండు మాటలు. పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా తడబడతారు. లేట్‌నా, లిటానా అని చెప్పండి, గొడవ తీరుతుంది. తాను పడుకోవటం ఒకటి, మరొకరిని పడుకోబెట్టటం ఒకటి. సిట్, సెట్ కూడా మొదట బైఠ్‌నా, బిఠానాలే.

ఇక ఉచ్చారణ. చివర ఈ, డీ అక్షరాలున్న ప్రతిచోటా మనవాళ్ళు "వాకెడ్, హెల్పెడ్" అంటారు. ఇంటర్వ్యూకు వెళ్ళినచోట మొదట పట్టుబడేది ఇక్కడే. దీనికీ తెలుగు మాస్టరుగారినే అడగాలి. పరుషాలు, సరళాలు అని ఆయన చెబుతారే, అదే కిటుకు. క, ప, చ వంటి పరుష ధ్వని మీద ఆగిన మాటకు ట్ వస్తుంది: వాక్ట్, హెల్ప్ట్, వాచ్ట్. స, ష, ఫ ధ్వనులు కూడా ఈ పక్షమే. గ, బ, జ వంటివి, అచ్చులు ఉంటే డ్: బెగ్డ్, ప్లేడ్. అప్పటికే ట్ గాని డ్ గాని ఉంటే ఇడ్: వాంటిడ్, నీడిడ్. రాత ఒకటే, నోరు మూడు రకాలు. కీప్ కు ట్ తగిలేసరికి మాట బరువై దీర్ఘం కురచైంది, కెప్ట్ అయింది. స్లీప్, స్లెప్ట్. ఫీల్, ఫెల్ట్. కట్, పుట్, షట్, హిట్ వంటివి అసలు మారనే మారవు. చివర ట్ గాని డ్ గాని లేని మాట ఆ గుంపులో కనబడదు. అది ఒక్కటి పిల్లలకు చెబితే ఆ గుంపును వాళ్ళే వెతికి పట్టుకుంటారు.

టాట్, థాట్, బ్రాట్ మాటల మధ్య పలకని రెండక్షరాలు జీ, హెచ్ ఎందుకని కూడా అడుగుతారు. ఒకప్పుడు పలికేవారు. ఎట్లా పలికేవారు? దాదాపు మన "ఖే" లాగా, గొంతులోంచి. ఆ ధ్వని ఇంగ్లీషువాడి గొంతు మరచిపోయింది. 1476 లో కాక్స్‌టన్ ఇంగ్లండులో అచ్చు యంత్రం పెట్టాడు. ఆ తరువాత క్రమంగా రాత గట్టిపడింది, నోరు మాత్రం మారుతూ పోయింది. మన పిల్లలు "ఖ్వాబ్" అని వావ్ తో రాసి "ఖాబ్" అని చదవటం లేదా? ఖుద్ లో వావ్ పలుకుతున్నామా? స్వాద్, సే, సీన్ మూడింటికీ మన నోట ఒకటే స. ఇవన్నీ మోస్తున్న పిల్లవాడికి రెండు మూగ అక్షరాలు ఒక బరువా?

మళ్ళీ తప్పు దగ్గరికే వస్తున్నాం, అదే అసలు విషయం. అమెరికాలో జీన్ బెర్కో అనే విదుషి 1958 లో ఒక పరీక్ష చేశారు. నాలుగు నుంచి ఏడేళ్ళ లోపు పిల్లలకు బొమ్మలు చూపి, ఏ నిఘంటువులోనూ లేని మాటలు కల్పించి చెప్పారు. ఇది ఒక వగ్, ఇప్పుడు రెండున్నాయి, ఏమంటారు? వగ్స్ అన్నారు పిల్లలు. ఆ మాట వాళ్ళు పుట్టి ఎన్నడూ వినలేదు. అంటే విన్నది ఒప్పజెప్పటం కాదు, లోపల ఖాయిదా పనిచేస్తున్నది. గ్లింగ్ అనే పని ఇవాళ చేస్తున్నాడు, నిన్న కూడా చేశాడు, ఏమంటారు అంటే పెద్దవాళ్ళలో చాలామంది గ్లాంగ్ అన్నారు, పిల్లలు గ్లింగ్డ్ అన్నారు. ఇంగ్లీషు తల్లికి పుట్టిన పిల్లవాడు కూడా రెండేళ్ళప్పుడు చిలకలా వెంట్ అని సరిగ్గానే అంటాడు. మూడు నాలుగేళ్ళకు గో కు డ్ తగిలించి తప్పు చెబుతాడు. కొంతకాలానికి మళ్ళీ వెంట్ కు వస్తాడు. ఆ మధ్యలో చేసిన తప్పు వెనకబడటం కాదు, ఖాయిదా వంటబట్టిందనటానికి నిదర్శనం.

మా కుర్రవాడు టీచ్డ్ అన్న రోజు వాడికి ఖాయిదా వచ్చేసింది. మిగిలింది ఒక్క మాట, చెబితే సరిపోయేది.

అందుచేత తల్లిదండ్రులకు మా మనవి. పుస్తకంలో ఎర్ర గీత చూసి పిల్లవాణ్ణి తిట్టవద్దు. ఏం రాశావు, ఎందుకట్లా రాశావు అని అడగండి. మీకు ఇంగ్లీషు రానక్కర లేదు. నిన్న ఏం చేశావో ఉర్దూలో చెప్పు, ఇప్పుడు తెలుగులో చెప్పు, ఇప్పుడు ఇంగ్లీషులో చెప్పు అనండి. రాత్రి భోజనాల దగ్గర ఐదు నిమిషాల పని. తోటి ఉపాధ్యాయులకు కూడా ఒక మాట. జాబితాను ఏ, బీ, సీ, డీ వరసలో బట్టీ పట్టించకుండా కుటుంబాలుగా ఇవ్వండి. సింగ్, రింగ్, డ్రింక్, బిగిన్ ఒక ఇల్లు. డ్రైవ్, రైడ్, రైట్ ఒక ఇల్లు. బ్లో, గ్రో, నో, త్రో ఒక ఇల్లు. టీచ్, బ్రింగ్, బై, థింక్ ఒక ఇల్లు. రోజుకు ఐదు మాటలు చాలు. ఎక్కువ వాడే 60 మాటలు మేము ఇట్లా ఇళ్ళవారీగా, ఉర్దూ, తెలుగు అర్థాలతో రాసి పెట్టాం. జిరాక్సు కాపీలు బయట బల్ల మీద ఉన్నాయి. పైకం అక్కర లేదు.

చివరగా కమిటీవారికి ఒక విన్నపం. చదువు మానేసిన కుర్రవాళ్ళ కోసం ఓపెన్ స్కూల్ పదో తరగతికి ఈ హాల్లోనే రాత్రి క్లాసులు పెడుతున్నామని మన సెక్రటరీగారు ఇందాక ప్రకటించారు. మాషా అల్లా, చాలా మంచి పని. ఇంగ్లీషు చెప్పటానికి మేము ఒప్పుకున్నాం. కాని టైము ఎనిమిది గంటలని నోటీసు బోర్డు మీద ఉంది. పోయిన జుమ్మా రోజు మేము పైన చెప్పిన కుర్రవాడి దుకాణానికి వెళ్ళాం. కుర్రవాడేమిటి, ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. మోటారు సైకిళ్ళు బాగుచేస్తాడు. టీ తెప్పించాడు. రీచ్ కథ, రాట్ కథ అంతా చెప్పాం. చేతిలో పానా పట్టుకుని మొత్తం విన్నాడు. తరువాత "ఐతే సర్, నాది సగం కరెక్టే" అన్నాడు. క్లాసుకు రమ్మన్నాం. "షాపు తొమ్మిదింటికి గాని మూయను సర్" అన్నాడు. ఆ వీధిలో అన్ని షాపులూ అంతే. కాబట్టి క్లాసు తొమ్మిదిన్నరకు మార్చవలసిందని కోరుతున్నాం. వాచ్‌మన్ ఇంటికి వెళ్ళాలంటే హాలు తాళంచెవి మా దగ్గర పెట్టండి, మేము మూసి వెళ్తాం.